ఉన్నత విద్యలో ధ్వనిరూప దిద్దుబాటు

విద్యార్థి పది రోజులు కష్టపడి ఒక వ్యాసం వ్రాస్తాడు. మూడు వారాల తరువాత అది అతని చేతికి తిరిగి వస్తుంది. చివరి పుటలో ఒక అంకె, అంచులలో నాలుగైదు ఎర్రసిరా మాటలు ఉంటాయి: "అస్పష్టం", "ఆధారం?", "ఇంకా లోతుగా చర్చించవలసినది". అంకె అతనికి అర్థమవుతుంది. మాటలు అర్థం కావు. అస్పష్టంగా ఉన్నది వాక్యమా, ఆలోచనా? ఆధారం అసలే లేదని అధ్యాపకుని భావమా, ఉన్న ఆధారం చాలదనా? లోతుగా చర్చించడమంటే మరో రెండు పుటలు పెంచడమా, వ్రాసిన దానినే ఇంకొకసారి ప్రశ్నించుకోవడమా? అతను ఆ కాగితాలను మడిచి పెట్టెలో పడేస్తాడు. తరువాతి వ్యాసంలో అవే లోపాలు మళ్ళీ కనిపిస్తాయి. "ఎన్నిసార్లు చెప్పినా వినరు" అని అధ్యాపకుడు విసుక్కుంటాడు. వాస్తవానికి ఆయన చెప్పనే లేదు. గుర్తు మాత్రం పెట్టాడు.

ఇది మన కళాశాలలకే పరిమితమైన జబ్బు కాదు. బ్రిటన్‌లో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల అభిప్రాయాలు సేకరించే జాతీయ సర్వే 2005లో ప్రారంభమైంది. బోధన గురించీ, పాఠ్యక్రమం గురించీ విద్యార్థులు తృప్తి వెలిబుచ్చారు. కాని తమ వ్రాతలను ఎలా కొలుస్తున్నారు, వాటి గురించి ఏమి చెబుతున్నారు అన్న ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి ఆ తృప్తి బాగా తగ్గింది. సంవత్సరాల తరబడి అదే ధోరణి కొనసాగింది. అధ్యాపకులు శ్రమపడటం లేదా? పడుతున్నారు. రాత్రులు కూర్చుని కట్టలకు కట్టలు దిద్దుతున్నారు. ఆ శ్రమ విద్యార్థికి చేరడం లేదు. శ్రమకూ ఫలితానికీ మధ్య ఉన్న ఈ అగాధాన్ని పూడ్చడానికి కొందరు అధ్యాపకులు కలం ప్రక్కన పెట్టి గొంతును ఆశ్రయించారు. విద్యార్థి వ్యాసం చదివి, చెప్పదలచినది నాలుగైదు నిమిషాలు మాట్లాడి, రికార్డు చేసి పంపడమే ఆ పద్ధతి.

మాట గురించి ఒక మాట. ఇంగ్లీషులో 'ఫీడ్‌బ్యాక్' అనే పదానికి మన బి.ఇడి. పుస్తకాలలో 'పరిపుష్టి', 'ప్రతిపుష్టి' అనే అనువాదాలు కనిపిస్తాయి. అవి పరీక్షలో వ్రాయడానికి పనికివస్తాయేమో కాని, ఏ అధ్యాపకుడూ విద్యార్థితో "నీకు పరిపుష్టి ఇస్తాను" అనడు. ఉర్దూ చదివిన పాఠకులకు 'ఇస్లాహ్' అనే చక్కని మాట తెలుసు. శిష్యుడు తన గజల్‌ను ఉస్తాద్‌కు చూపిస్తే, ఆయన ఒక పదం మార్చి, ఎందుకు మార్చాడో చెప్పేవాడు. మీర్జా గాలిబ్ (1797–1869) ఈ పనిని తపాలా ద్వారా కూడా చేశాడు. హర్‌గోపాల్ తఫ్తా వంటి శిష్యుల కవితలు ఉత్తరాలలో వచ్చేవి, ఇస్లాహ్ ఉత్తరాలలోనే తిరిగి వెళ్ళేది. ఉత్తరాన్ని సంభాషణగా మార్చివేశానని గాలిబ్ సగర్వంగా చెప్పుకున్నాడు. దూరాన ఉన్న శిష్యునికి కాగితం మీద గొంతు వినిపించాలంటే అంతటి రచయిత కావాలి! అందరు అధ్యాపకులూ గాలిబ్‌లు కారు కనుకనే ఈ వ్యాసానికి అవసరం ఏర్పడింది. ఇక్కడ 'దిద్దుబాటు' అన్నప్పుడల్లా తప్పు కొట్టివేయడం అని కాక, ఇస్లాహ్ అనే విశాలార్థంలోనే గ్రహించాలి.

ఈ పద్ధతి సెల్‌ఫోన్లతో పుట్టింది కాదు. ఫిలిప్స్ సంస్థ 1963లో చిన్న క్యాసెట్‌ను ప్రవేశపెట్టింది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో రాజశాసనం లభించి, 1971 జనవరిలో చదువు మొదలైంది. అక్కడ విద్యార్థి తన ఇంట్లోనే చదువుకుంటాడు. వ్యాసం వ్రాసి తపాలాలో పంపితే, ట్యూటరు దిద్ది తిప్పి పంపుతాడు. ఆ కాగితం మీది వ్యాఖ్యలే చాలామందికి అధ్యాపకునితో ఉండే ప్రధాన బాంధవ్యం. దూరవిద్య విస్తరించే కొద్దీ, దిద్దుబాటు అనేది బోధనకు తోక కాదు, అదే బోధన అన్న సంగతి తేటతెల్లమయింది. అలాంటి చోట క్యాసెట్ ఆలోచన రావడం సహజం. 1987లో బ్రిటన్‌లో వెలువడే ఒక విద్యా పత్రికలో క్రయర్, కైకుంబా అనే ఇద్దరు, వ్రాతపనికి క్యాసెట్ ద్వారా దిద్దుబాటు ఇవ్వడం గురించి వ్యాసం ప్రచురించారు. 1991లో నెదర్లాండ్స్ ఓపెన్ యూనివర్సిటీకి చెందిన పాల్ కిర్ష్‌నర్, ఆయన సహచరులు వ్రాత వ్యాఖ్యలనూ క్యాసెట్ వ్యాఖ్యలనూ పోల్చి చూశారు. క్యాసెట్‌లో వ్యాఖ్యలు విస్తృతంగా వచ్చాయి, విద్యార్థులు వాటిని మెచ్చుకున్నారు. అయితే చివరి మార్కులలో మాత్రం తేడా కనిపించలేదు. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో మళ్ళీ పని పడుతుంది.

క్యాసెట్‌కు ఇబ్బందులు ఉండేవి. ప్రతి విద్యార్థికీ ఒక టేపు కొనాలి, పేరు అంటించాలి, తపాలా ఖర్చు భరించాలి, దారిలో పగిలితే మళ్ళీ చేయాలి. అందువలన అది ఉత్సాహవంతుల ప్రయోగంగానే మిగిలిపోయింది. 2000 తరువాత చిన్న డిజిటల్ రికార్డర్లు, ఎంపీ3 ఫైళ్ళు, ఈమెయిల్ వచ్చి ఈ ఇబ్బందులలో చాలావాటిని తొలగించాయి. సాధారణ ఎంపీ3 ధ్వని నిమిషానికి సుమారు ఒక మెగాబైటు. మాటకు అంత నాణ్యత కూడా అక్కరలేదు కనుక దానిలో సగంతో పని జరిగిపోతుంది. 2007లో అమెరికాలో ఫిలిప్ ఐస్, ఆయన ముగ్గురు సహచరులు ఆన్‌లైన్ తరగతులలో ధ్వని దిద్దుబాటు గురించి చేసిన అధ్యయనం ప్రచురించారు. 2008లో ఇంగ్లండులోని లీడ్స్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో (2014 నుండి దాని పేరు లీడ్స్ బెకెట్) బాబ్ రోథరమ్ నాయకత్వంలో 'సౌండ్స్ గుడ్' అనే ప్రయోగం మొదలై, రెండవ దశలో ఇతర సంస్థలకు కూడా విస్తరించింది.

గొంతు చేసే పని ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాదులో ఒక కళాశాల విద్యార్థిని అబ్బాసీ కాలపు అనువాద ఉద్యమం గురించి వ్యాసం వ్రాసిందని అనుకుందాం. "గ్రీకు గ్రంథాలన్నింటినీ బాగ్దాద్‌లోని బైతుల్ హిక్మా అనువదింపజేసింది" అని ఆమె వ్రాసింది. ఎర్రసిరా అయితే ప్రక్కన "ఆధారం బలహీనం" అంటుంది. రికార్డరు ముందు కూర్చున్న అధ్యాపకుడు ఇలా అంటాడు:

"చూడమ్మా, మూడో పేజీలో నేను 2 అని వేసిన చోటు తియ్యి. అనువాదాలన్నీ బైతుల్ హిక్మాలో జరిగాయని రాశావు. చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది, అందుకని నిన్ను తప్పుపట్టడం లేదు. కాని హునైన్ బిన్ ఇస్హాఖ్, అనువాదకుల్లో పెద్దవాడు, జాలీనూస్ గ్రంథాల్లో ఏవి ఎవరి కోసం అనువదించారో తానే ఒక లేఖలో వివరంగా రాసి పెట్టాడు. అందులో వైద్యుల పేర్లు, సంపన్నుల పేర్లు ఉన్నాయి. బనూ మూసా సోదరుల్లో ముహమ్మద్ పేరు మాటిమాటికీ వస్తుంది. అంటే డబ్బిచ్చి చేయించుకున్న వ్యక్తులు వేరే ఉన్నారన్నమాట. మరి నీ వాక్యం నిలబడుతుందా? మొత్తం కొట్టెయ్యమనడం లేదు. 'అన్నీ' అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగు. ఆ ఒక్క పేరా మళ్ళీ రాసి సోమవారం చూపించు."

ఇది గొంతుతో చెబితే ఒక నిమిషం. ఇందులో ఏమేమి జరిగాయో గమనించండి. తప్పు ఎక్కడ ఉందో ఆమెకు తెలిసింది. ఆ తప్పు ఆమె ఒక్కతెది కాదనీ తెలిసింది. ఎందుకు తప్పో, ఏ ఆధారం దానిని తప్పని చూపుతుందో తెలిసింది. ఏమి చేయాలో తెలిసింది. అన్నింటికన్నా ముఖ్యంగా, "నిన్ను తప్పుపట్టడం లేదు" అన్నప్పుడు అధ్యాపకుని గొంతులోని మెత్తదనం ఆమెకు వినిపించింది. కాగితం మీద "నిలబడుతుందా?" అనే ప్రశ్న వెక్కిరింపుగా కనిపించవచ్చు, గొంతులో అది నిజమైన ప్రశ్నగా వినిపిస్తుంది. ఐస్ బృందం అధ్యయనంలో విద్యార్థులు చెప్పినవి ఇవే: గొంతులోని సూక్ష్మభేదాలు అర్థమయ్యాయి, తరగతిలో భాగస్వాములమనే భావన పెరిగింది, చెప్పిన విషయం గుర్తుండిపోయింది, అధ్యాపకుడు తమను పట్టించుకుంటున్నాడని అనిపించింది.

ఇక సమయం సంగతి. మాట వ్రాత కన్నా వేగమైనదని అందరికీ తెలుసు. ఇంగ్లీషులో సామాన్యంగా నిమిషానికి 130 నుండి 150 మాటలు పలుకుతారు. చేతివ్రాత అందులో ఐదవ వంతు వేగాన్ని అందుకోవడమే కష్టం. ఐస్ బృందం తమకు దిద్దుబాటు సమయం సుమారు 75 శాతం తగ్గిందనీ, వ్యాఖ్యల పరిమాణం రెండింతలకు మించి పెరిగిందనీ ప్రకటించింది. అయితే లీడ్స్ ప్రయోగం ఇంత ఉత్సాహంగా మాట్లాడలేదు. దిద్దుబాటు వేగంగానూ, మేలుగానూ సాగుతుందన్న ఆశతో ఆ ప్రయోగం మొదలయింది. 'మేలు' విషయంలో విద్యార్థులూ అధ్యాపకులూ చాలావరకు సంతృప్తి చెందారు. 'వేగం' మాత్రం అందరికీ దక్కలేదు. యంత్రంతో చనువు ఉండి, నెమ్మదిగా వ్రాస్తూ వేగంగా మాట్లాడగలిగి, అదివరకే విస్తారంగా వ్యాఖ్యలు ఇచ్చే అలవాటు ఉండి, ఫైలును విద్యార్థికి సులువుగా చేర్చే మార్గం ఉన్నవారికి మాత్రమే సమయం ఆదా అవుతుందని వారు తేల్చారు. ఈ షరతులు చాలా సమంజసమైనవి. అంచున రెండే మాటలు వ్రాసి వదిలేసే అధ్యాపకునికి ధ్వని పద్ధతి సమయం మిగల్చదు, పెంచుతుంది. ఆయన ఇప్పటివరకు చేయని పనిని చేయిస్తుంది కనుక.

లెక్క వేసి చూడవచ్చు. తరగతిలో 60 మంది ఉన్నారనుకుంటే, తలకు 4 నిమిషాల చొప్పున మాట్లాడటానికే 240 నిమిషాలు, అంటే 4 గంటలు. చదవడానికి తలకు 10 నిమిషాలు వేసుకుంటే మరో 10 గంటలు. అసలు భారం చదవడంలోనే ఉంది. దానిని ఏ యంత్రమూ తగ్గించలేదు. చదవకుండా మాట్లాడితే ఆ విషయాన్ని గొంతే పట్టించేస్తుంది. "బాగుంది, ఇంకా కృషి చెయ్యి" అని అరవై మందికీ ఒకే స్వరంతో చెబితే, ఎర్రసిరా కన్నా అది పెద్ద మోసం అవుతుంది.

చేసే విధానం కష్టమైనది కాదు. ముందు వ్యాసం పూర్తిగా చదవాలి. చదువుతూ మాట్లాడటం మొదలుపెడితే నాలుగు నిమిషాలు పన్నెండు అవుతాయి. మొదటి పుటలో లేదని కోప్పడిన విషయం ఐదో పుటలో ఎదురై సిగ్గుపడవలసి వస్తుంది. చదువుతున్నప్పుడు పెన్సిలుతో 1, 2, 3 అని అంకెలు వేసుకుంటే చాలు. ఆ అంకెలు ఉన్న కాగితమూ, ఆ అంకెలను ప్రస్తావించే గొంతూ రెండూ విద్యార్థికి అందాలి. ఒకటి లేకుండా రెండవది గుడ్డిది. మొదట విద్యార్థి పేరు పలకాలి, ఏ వ్యాసమో చెప్పాలి. వ్యాసం మొత్తం మీద ముఖ్యమైన మాట ఒకటి చెప్పి, తరువాత రెండు లేక మూడు చోట్లకు వెళ్ళాలి. పదమూడు లోపాలు కనిపించినా పదమూడూ చెప్పకూడదు. వినేవాడు మూడింటికి మించి మోయలేడు. అక్షర దోషాలకు, అంకెల తప్పులకు, ఉల్లేఖన పద్ధతికి గొంతు అనవసరం. అక్కడ కలమే మేలు. మధ్యలో తడబడితే ఆపి మొదటి నుండి రికార్డు చేయనవసరం లేదు. తరగతిలో తడబడమా? ఆ తడబాటే మనిషి మాట్లాడుతున్నాడని తెలుపుతుంది. టర్నిటిన్ వంటి సాఫ్ట్‌వేర్లలో ధ్వని వ్యాఖ్యకు మూడు నిమిషాల హద్దు ఉంది. ఆ హద్దు చాలామంది అధ్యాపకులకు మేలే చేస్తుంది. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఒకరి లోపాలు మరొకరి చెవిన పడితే విశ్వాసం తిరిగి రాదు.

విశ్వాసం సంగతి వచ్చింది కనుక పరిమితులు కూడా చెప్పుకోవాలి. వినికిడి లోపం ఉన్న విద్యార్థికి ఈ పద్ధతి మేలు చేయదు సరికదా, తలుపు మూస్తుంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉన్నత విద్యాసంస్థలకు ఈ విషయంలో బాధ్యత ఉంది. కనీసం వ్రాత ప్రతి ఇవ్వక తప్పదు. చూపు లేని విద్యార్థికి మాత్రం ఇదే పద్ధతి వరం, ఎర్రసిరా అతనికి ఏనాడూ ఉపయోగపడలేదు. హాస్టలు గదిలో నలుగురి మధ్య ఫోను మ్రోగితే విద్యార్థి లోపాలు నలుగురికీ తెలుస్తాయి. కనుక ఇయర్‌ఫోను పెట్టుకుని వినమని ముందే చెప్పాలి. మరొకటి. వ్రాసిన వ్యాఖ్యను కంటితో గబగబా వెదకవచ్చు. ధ్వనిలో కావలసిన చోటు పట్టుకోవడం కష్టం. పరీక్షాధికారి అరవై మంది దిద్దుబాటును తనిఖీ చేయాలంటే అరవై కాగితాలు తిప్పడం వేరు, నాలుగు గంటలు వినడం వేరు. సంస్థలు ఈ పద్ధతికి జంకడానికి ఇదీ ఒక కారణం, పైకి అంతగా చెప్పకపోయినా.

మన ప్రాంతపు విద్యార్థికి మాత్రం ఒక ప్రత్యేక లాభం ఉంది. తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో ఇంటర్ వరకు చదివి, డిగ్రీలో ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చిన పిల్లలు వేల మంది. వారి వ్యాసం మీద ఇంగ్లీషులోనే గొలుసుకట్టు వ్రాతలో వ్యాఖ్య ఉంటే, అది అదనపు పాఠం అవుతుంది తప్ప సహాయం కాదు. అధ్యాపకుడు గొంతుతో చెప్పేటప్పుడు తెలుగులోకో, దక్కనీలోకో సహజంగా జారుకోగలడు. "ఇక్కడ 'దేర్‌ఫోర్' అన్నావు, అంటే 'కాబట్టి' అని కదా, కాని పై వాక్యంలో దానికి కారణం ఏదీ?" అని అడిగితే విద్యార్థికి వెలుగు కనిపిస్తుంది. ఇలా అంచులో వ్రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. నోటికి మాత్రం వస్తుంది.

ఇక మొదట గుర్తుంచుకోమన్న వాక్యం. నెదర్లాండ్స్‌లో విద్యార్థులు ధ్వనిని మెచ్చుకున్నారు, మార్కులు పెరగలేదు. ఎందుకని? మెచ్చుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దిద్దుబాటు గురించి అదివరకు జరిగిన ప్రయోగాల నుండి 607 ఫలితాలను కూడగట్టి పరిశీలించారు. సగటున దిద్దుబాటు మేలు చేసింది. కాని మూడవ వంతుకు పైగా సందర్భాలలో అది పనితీరును తగ్గించింది! మాట విద్యార్థి పని మీద కాక, విద్యార్థి అనే వ్యక్తి మీదకు మళ్ళినప్పుడు ఫలితం బలహీనపడుతుందని వారి వివరణ. "నువ్వు తెలివైనవాడివి", "నీకు శ్రద్ధ లేదు" - పొగడ్త అయినా, నింద అయినా దారి ఒకటే. గొంతులో ఈ ప్రమాదం ఎక్కువ. కలం పట్టినప్పుడు అదుపులో ఉండే విసుగు, నోరు విప్పగానే బయటపడుతుంది. మెత్తదనం వినిపించినట్లే విసుగు కూడా వినిపిస్తుంది.

1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో బడిపిల్లల మీద చేసిన ప్రయోగం మరొక చిక్కును బయటపెట్టింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు ఆసక్తిలోనూ, పనిలోనూ ముందుకు వెళ్ళారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా అందుకున్నవారికి ఆ లాభం దక్కలేదు. అంకె కనిపించగానే మాట వినిపించదన్నమాట. కళాశాల విద్యార్థులు బడిపిల్లలు కారు. అయినా మార్కు చూసుకుని ధ్వని ఫైలును తెరవకుండా వదిలేసే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. అందుకే కొందరు అధ్యాపకులు ముందు గొంతు పంపుతారు; మార్కు తరువాత చెబుతారు.

ఆస్ట్రేలియా విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లో ఈ విషయాన్ని సూటిగా చెప్పాడు. విద్యార్థికి మూడు కావాలి: మంచి పని ఎలా ఉంటుందో తెలియాలి; తన పని దానికి ఎంత దూరంలో ఉందో పోల్చుకోగలగాలి; ఆ దూరం తగ్గించే పని ఏదో చేయాలి. మూడవది జరగకపోతే మొదటి రెండూ సమాచారంగా మిగిలిపోతాయి. ధ్వని దిద్దుబాటు మొదటి రెండింటినీ వ్రాత కన్నా బాగా చేయగలదు. మూడవది దాని చేతిలో లేదు.

ఈ మూడవ సంగతి మదరసాలో హిఫ్జ్ తరగతిని చూసినవారికి వివరించనక్కరలేదు. పిల్లవాడు తన సబఖ్ వినిపిస్తాడు. ఒక అక్షరం జారితే ఉస్తాద్ అక్కడే ఆపుతారు, సరైన ఉచ్చారణ చెబుతారు. కాని అంతటితో వదలరు. పిల్లవాడు ఆ ఆయత్‌ను మళ్ళీ సరిగ్గా చదివి వినిపిస్తేనే ముందుకు వెళ్ళనిస్తారు. హదీసు విద్యలో కూడా ఈ రెండు వైపుల వినికిడి పేరుతో సహా నమోదై ఉంది. గురువు చదువుతుంటే శిష్యుడు వినడం 'సమా'. శిష్యుడు చదువుతుంటే గురువు వినడం 'అర్జ్' లేక 'ఖిరాఅత్'. డమాస్కస్‌లో 1245లో మరణించిన ఇబ్ను సలాహ్ (రహ్మ) హదీసును స్వీకరించే ఎనిమిది పద్ధతులను వివరిస్తూ ఈ రెండింటినీ ముందు పెట్టారు. ఉత్తరం ద్వారా అందుకోవడం ఆ తరువాతి పద్ధతులలో ఒకటి. ఇమామ్ ముస్లిం (రహ్మ) తమ సహీహ్‌లో మొదటిదానికి 'హద్దసనా' అనీ, రెండవదానికి 'అఖ్బరనా' అనీ వేరుచేసి చెప్పడంలో ఎంతో శ్రద్ధ చూపారు.

ఇదంతా చూసి, "ధ్వని దిద్దుబాటు మన పూర్వులు ఎన్నడో కనిపెట్టారు" అని చెప్పుకోవడం సులభం. అలా చెప్పుకోవడం సరికాదు. రికార్డు చేసిన వ్యాఖ్య ఈ వర్గీకరణలో ఎక్కడా ఇమడదు. అందులో గొంతు ఉంది, గురువు ఎదురుగా లేడు. శిష్యుడు వింటాడు, తిరిగి వినిపించడు. అది సగం సమా మాత్రమే. అర్జ్ అందులో లేదు. నెదర్లాండ్స్‌లో మార్కులు ఎందుకు పెరగలేదో, లీడ్స్‌లో విద్యార్థులు అంత మెచ్చుకున్నా ఆ మెప్పును నేర్చుకోవడానికి రుజువుగా ఎందుకు తీసుకోలేమో అర్థం చేసుకోవడానికి ఈ లోటు ఒక తాళంచెవి. విద్యార్థి ఆ పేరాను మళ్ళీ వ్రాసి చూపించే ఏర్పాటు లేకపోతే, మధురమైన గొంతు కూడా ఎర్రసిరా దారినే పోతుంది.

హైదరాబాదులో 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఏర్పడింది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపితమై ఉర్దూలో దూరవిద్యను అందించసాగింది. అధ్యాపకుని ముఖం అరుదుగా చూసే విద్యార్థులు మన మధ్యనే పెద్ద సంఖ్యలో ఉన్నారన్నమాట. 2013లో వాట్సాప్‌లో ధ్వని సందేశం వచ్చిన తరువాత రికార్డరు అందరి జేబులోకీ చేరింది. 2020లో కళాశాలలు మూతపడినప్పుడు ఎందరో అధ్యాపకులు ఏ పరిశోధనా చదవకుండానే, సందేహం అడిగిన విద్యార్థికి గొంతుతో జవాబు పంపడం నేర్చుకున్నారు. ఆ అలవాటును ఒక పద్ధతిలో పెట్టడానికి కొత్త పరికరం కొనవలసిన అవసరం లేదు.

అరవై మంది తరగతి ఉన్న అధ్యాపకుడు అన్ని వ్యాసాలకూ ఇలా చేయలేడు. చేయాలని పట్టుబట్టడం కూడా మంచిది కాదు. సంవత్సరంలో మొదటి వ్యాసానికి చేస్తే చాలు, ఎందుకంటే దాని తరువాత ఇంకా వ్యాసాలు ఉంటాయి, చెప్పినది వాడుకోవడానికి చోటు ఉంటుంది. చివరి పరీక్ష తరువాత పంపే గొంతు ఎంత చక్కగా ఉన్నా దానికి పని లేదు. మార్కును వారం రోజులు ఆపి ఉంచవచ్చు. ఆ వారంలో విద్యార్థి చేయవలసినది ఒక్కటే: దిద్దిన పేరాను తిరగవ్రాసి, తాను ఏమి మార్చాడో, ఎందుకు మార్చాడో ఒక నిమిషం తన గొంతుతో రికార్డు చేసి అధ్యాపకునికి పంపాలి. అధ్యాపకునికి ఇది అదనంగా ఒక గంట పని, అరవై నిమిషాలు వినడం. ఎవరు విన్నారో, ఎవరు విననే లేదో, ఎవరు విని తప్పుగా అర్థం చేసుకున్నారో ఆ గంటలో తేలిపోతుంది.